ఆయన చెప్పిన గొడుగుల సినిమా

మా ఆయన లింగమూర్తి బొంబాయిల ఒక సినిమా టాకీసుల గేటుకాడ నిలబడే నౌకరి చేసిండు. టికెట్ చింపి సగం ముక్క చేతికిచ్చుడు, ఆలస్యంగ వచ్చినోళ్లకు చీకట్ల బ్యాటరీ లైటు పట్టి కుర్సీ చూపిచ్చుడు, ఆట అయినంక తలుపులు తెరుసుడు. గంతే పని. గా పని చేసుకుంటనే ఆయన ఎన్నో దేశాల సినిమాలు చూసిండు. నేను సుల్తానాబాద్‌ల కూసోని, ఒక్కటి గూడ చూడకుండ, అన్నీ ఎరుక చేసుకున్న. ఆయన చెప్తుంటె విన్న.

మేము సాలోళ్లం. పోలీసు యాక్షన్ అయిన మరుసటి యేడు మా పెండ్లయింది. ఇంట్ల రెండు మగ్గాలు. ఒకదాని మీద మా బావ, ఒకదాని మీద ఈయన నేస్తుండె. నూలు దొరుకుడు కష్టమైంది, నేసిన చీర అమ్ముడుపోవుడు అంతకంటె కష్టమైంది. మా వాడకట్టు మొగోళ్లు అప్పటికే సగం మంది బొంబాయి మిల్లులకు పోయిండ్రు. ఈయన గూడ పెద్దపల్లిల రైలెక్కిండు. మొదలు మిల్లులనే చేసిండు. దూది దుమ్ముకు దగ్గు పట్టింది. వాళ్లు కిరాయికున్న ఖోలీల అంబదాస్ అని ఆదిలాబాద్ దిక్కు మనిషి ఒకాయన ఉండె. సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడేటోడు. ఆయన ఒక టాకీసుల సినిమా ఏసే మిషిన్ నడుపుతుండె. ఆయనే ఈయనను గేటు మీద పెట్టిచ్చిండు.

గా టాకీసు పెద్దది కాదట. పేరున్న ఇంగ్లీషు సినిమాలన్నీ పెద్ద టాకీసులకు పోయేటియి. దీనికి జపాన్‌వి, ఇటలీవి, రష్యావి, పోలండువి వచ్చేటియి. చూసేటోళ్లు తక్కువ. ఖాళీ కుర్సీలు ఎక్కువ. ఈయన తలుపుకు ఒరిగి నిలబడి మూడాటలు చూస్తుండె.

మొదటిసారి సెలవు మీద బతుకమ్మ పండుగకు వచ్చిండు. నేను వాకిట్ల చరఖా ముందట కూసోని కండెలు చుడుతున్న. ఆయన గడప మీద కూసున్నడు. పెండ్లయి యాడాదిన్నర, కలిసి ఉన్నది కొన్ని నెలలే. ఏం మాట్లాడాల్నో ఇద్దరికి తెలుస్తలేదు. నేనే అడిగిన.

"గంత చీకట్ల నిలబడి ఏం చేస్తవ్?"

"చూస్త."

"ఏం చూస్తవ్?"

గప్పుడు చెప్పిండు మంగలాయన సినిమా. అది ఇటలీది. ఒక ఊరు. లడాయిల బాంబులు పడి సగం ఇండ్లు కూలినయి. ఒక మంగలాయన దుకాణం గూడ కూలి, ఒక్క గోడ మిగిలింది. గా గోడకు అద్దం. ఆయన గా గోడ ముందట్నే కుర్సీ ఏసి గడ్డాలు గీస్తుంటడు. లడాయిల మొగుడు పోయిన ఒకామె రోజూ పొద్దుగాల వచ్చి గా అద్దంల మొహం చూసుకొని పోతది. ఆమె ఇంట్ల అద్దం మిగల్లే. ఇద్దరు ఒక్క మాట మాట్లాడుకోరు.

"వాళ్ల పేర్లు నా నోటికి తిరుగయి," అన్నడు. "మంగలాయన పేరు రాయమల్లు అనుకో."

రాయమల్లు అంటె మా ఊరి మంగలాయన. మా బావ భార్య, మా యారాలు కిష్టవ్వ లోపట్నుంచి విని నవ్వుకుంట బయటికొచ్చి కూసున్నది. పక్కింటోళ్లు గూడ వచ్చిండ్రు.

"ఆఖరికి రాయమల్లు గా అద్దాన్ని గోడకెల్లి తీసి, ఈపుకు కట్టుకొని, ఆమె ఇంటికి మోసుకపోతడు," అని చెప్పిండు. "మనిషిని చూపియ్యడు. అద్దాన్నే చూపిస్తడు. ఆయన నడుస్తుంటె అద్దంల ఊరంతా కదులుకుంట పోతది. కూలిన గోడలు, మొగులు, ఆరేసిన బట్టలు, ఎన్క ఉరికే పోరగాండ్లు. అన్నీ అద్దంలకెల్లి పోతయి."

"మరి లగ్గం చేసుకున్నరా?" కిష్టవ్వ అడిగింది.

"చెప్పడు."

"చెప్పకుంటె ఎట్ల?"

"అద్దం ఇంటికి చేరింది గద వదినె. గంతే."

కిష్టవ్వకు నచ్చలే. గదేం సినిమా అని లేచిపోయింది. నేను మాత్రం చరఖా ఆపి కూసున్న. అద్దం ఆమె ఇంటికి చేరిందంటె ఆయన మనసు గూడ చేరినట్టే గద అని నాకు మెల్లగ తట్టింది. తట్టినంక మొహం దాచుకొని నవ్వుకున్న. ఆయన చూసిండు. గా రోజు నుంచి మా ఇద్దరికి మాటలు కుదిరినయి.

గట్ల యాడాదికి ఒకసారి, కుదిరితె రెండుసార్లు వస్తుండె. సంచిల పిల్లల అంగీలు, సబ్బులు, నోటి నిండ సినిమాలు. పొద్దుగూకే యాళ్లకు మా వాకిట్ల ఆడోళ్లంతా చరఖాలు తెచ్చుకొని కూసునేది. గా చరఖాల చప్పుడుల ఆయన గొంతు ఇంకా నా చెవులల్ల ఉన్నది. పోలండు సినిమాల ఒక పంతులు ఉంటడు. లడాయి అయినంక బడి తెరిచి, మంచుల ఇల్లిల్లు తిరిగి పిలిస్తె ఊరి పిల్లలంతా వస్తరు. మంచు అంటె మాకు తెల్వదు. "ఊరంతా దూది పరిచినట్టు ఉంటది, కాలు పెడితె కుర్రు కుర్రుమంటది," అని పండ్ల సందుకెల్లి చప్పుడు చేసి చూపిచ్చిండు. రష్యా సినిమాల ఒక ముసలమ్మ తన గుర్రాన్ని లడాయికి తోలిచ్చి, ఖాళీ కొట్టం రోజూ ఊడుస్తుంటె, ఒకనాడు గుర్రం వాపసొస్తది.

ఒకసారి అడిగిన, "వాళ్ల భాష నీకెట్ల సమజైతది?"

"మొదటి ఆటకు ఏం కాదు. తర్వాత తర్వాత మొహాలు చూసుడు అలవాటైతది. మాట తెలిస్తె మనం మాటనే ఇంటం, మొహం దిక్కు చూడం."

ఆయనకు అది మాటవరుసకు చెప్పిన సంగతి. నేను మాత్రం గా తర్వాత మనుషుల మొహాలు వేరే తీరుగ చూసుడు మొదలువెట్టిన.

మాకు బిడ్డ పుట్టింది. వేములాడ రాజన్నకు మొక్కితె పుట్టిందని రాజేశ్వరి పేరు పెట్టినం. రాజి అని పిలిచేది. తండ్రిని రోజూ చూసిన పిల్ల కాదు. సంచి పట్టుకొని వచ్చి కథలు చెప్పి పోయే మనిషి అనుకునేది. ఆయన వచ్చిన రెండు మూడు రోజులు దగ్గరికి పోయేది కాదు. తర్వాత ఆయన మెడ ఇడిచేది కాదు. గుర్రం కథ చెప్పుమని పానం తీసేది.

దానికి అయిదో యేడు నడుస్తుంటె వానకాలంల జరం వచ్చింది. గోళీలిచ్చినం, తడిబట్ట ఏసినం. మూడోనాడు గూడ దిగలే. కరీంనగర్ దవాఖానకు తీస్కపోదామని మా బావ బండి కట్టిండు. బండి వాకిట్ల నిలబడే ఉన్నది. నేను పిల్లను ఒళ్లె పెట్టుకొని గడప మీద కూసున్న. గక్కడ్నే పోయింది.

టెలిగ్రాం అందుకొని ఆయన వచ్చేసరికి అంతా అయిపోయింది. వాన ఇంక పడుతనే ఉన్నది. ఆయన వచ్చి బండి పక్కన నిలబడ్డడు. ఎడ్లను ఇప్పిండ్రు గని గా బండిని వాకిట్లకెల్లి ఎవ్వరు జరుపలే, గట్లనే ఉన్నది. దినాలు అయ్యేదాక ఉన్నడు. ఇంటి మీద కప్పు కారుతుంటె గూన పెంకలు సర్దిండు. నాతోని పెద్దగ మాట్లాడలే. నేను గూడ మాట్లాడలే. తర్వాత సంచి సర్దుకున్నడు.

"పోయొస్త," అన్నడు.

"మంచిది," అన్న.

మరుసటి బతుకమ్మకు వచ్చిండు. ఇంట్ల చప్పుడు లేదు. నేను పూలు తెంపలే, ఆటకు పోలే. కిష్టవ్వ మంచి మనిషి, ఇల్లు మళ్ల మామూలు కావాలని ఆమె తండ్లాట. పొద్దుగూకంగ చరఖా తెచ్చుకొని కూసోని, "ఏం లింగమూర్తి, ఈసారి ఏ సినిమా తెచ్చినవ్?" అని అడిగింది.

ఆయన వచ్చి గడప మీద కూసున్నడు. తర్వాత చెప్పిండు గొడుగుల సినిమా.

అది జపాన్‌ది. గుట్టల నడుమ ఒక ఊరు. ఊరంతా కాయితపు గొడుగులు చేస్తరు. వెదురు పుల్లలు చీరి, కాయితం అంటిచ్చి, నూనె పూసి, గొడుగులు తెరిచి వాకిళ్లల్ల ఎండవెడ్తరు. గాలి వస్తె గొడుగులన్నీ దొర్లుతయి. ఒక చిన్న పిల్ల వాటెన్క ఉరుకుతది. తండ్రి పట్నంల ఓడల మీద మూటలు మోస్తడు, యాడాదికొకసారి వస్తడు. తల్లీ బిడ్డలే ఉంటరు. వానకాలంల పిల్లకు జరం వస్తది. తల్లి పిల్లను ఈపుకు కట్టుకొని, ఎర్ర గొడుగు పట్టుకొని, దవాఖానకు పోతది. నడుమ నది. పడవ అవుతలి ఒడ్డున ఉన్నది. వాన చప్పుడుల ఎంత పిలిచినా పడవాయనకు ఇనబడది. గప్పుడు తల్లి ఎర్ర గొడుగును పైకెత్తి గిరగిర తిప్పుతది.

ఈ సినిమాల మనుషులకు ఆయన మా ఊరి పేర్లు పెట్టలే. తల్లి, తండ్రి, పిల్ల. గట్లనే చెప్పిండు.

కిష్టవ్వ భయంతోని నా దిక్కు చూసింది. చాలు ఆపు అన్నట్టు ఆయనకు సైగ చేసింది. నేను చరఖా ఆపలే. "తర్వాత?" అన్న.

"పడవాయన చూసిండు," అన్నడు. "వచ్చిండు. నది దాటిండ్రు. డాక్టర్ సూది ఇచ్చిండు. తెల్లారి పిల్ల కండ్లు తెరిచి, బాపు వచ్చిండా అని అడిగింది. తండ్రి గూడ వచ్చిండు. ముగ్గురు ఒక్క గొడుగు కిందనే నడుసుకుంట ఇంటికి పోయిండ్రు."

గా రోజు నేను శానా నెలల తర్వాత కడుపునిండ తిన్న.

అటెన్క ఆయన ఎప్పుడొచ్చినా గా సినిమానే అడిగేదాన్ని. ఆయన కొత్తది చెప్తనంటె, మొదలు గొడుగులది చెప్పు, తర్వాత కొత్తది చెప్పు అనేదాన్ని. చెప్పేటోడు. నాది పిచ్చి ఆలోచన కాదు. గా పిల్ల మా రాజి అనుకోలే నేను. గా పిల్ల గా పిల్లనే. కాని ఎక్కడనో దూరదేశంల ఒక తల్లికి పడవ అందింది అనుకుంటె నాకు నిమ్మళమయ్యేది. కండెలు చుట్టుకుంట నా మనసుల గా సినిమా ఎన్నిసార్లు ఏసుకున్ననో. గొడుగులు దొర్లుడు, పిల్ల ఉరుకుడు, నది, ఎర్ర గొడుగు తిరుగుడు.

తర్వాత మాకు కొడుకు పుట్టిండు. ఆంధ్రప్రదేశ్ అయిన నాలుగైదేండ్లకు బొంబాయిల గా టాకీసును ఎవరో కొని గోదాము చేసిండ్రట. ఈయన వాపసొచ్చిండు. చేతుల పని అదే కాబట్టి కరీంనగర్‌ల ఒక టాకీసు గేటు మీద చేరిండు. మేము సుల్తానాబాద్ ఇడిచి కమాన్ దగ్గర ఒక అర్ర కిరాయికి తీసుకున్నం. గిక్కడ తెలుగువి, హిందీవి ఆడుతుండె. గవి ఎవరికి వాళ్లు చూస్తరు గద, ఇంట్ల చెప్పే పని లేకపోయింది. వాకిట్ల కూసోని కథ చెప్పుడు బందయింది. ఆయన మనిషిగ ఇంట్లనే ఉన్నడు గని నాకు గా గొంతు కరువైంది.

కొన్నేండ్లకు కాలేజీల చెప్పే జగపతిరావు సారు, ఇంకొందరు వకీళ్లు, డాక్టర్లు కలిసి ఫిల్మ్ సొసైటీ అని ఒకటి పెట్టిండ్రు. నెలకొక ఆదివారం పొద్దుగాల ఈయన టాకీసునే కిరాయికి తీస్కొని, హైదరాబాద్‌కెల్లి దేశదేశాల సినిమాలు తెప్పిచ్చి చూస్తుండ్రి. ఈయనకు గా ఆదివారం పండుగ. తెల్లంగి ఏసుకునేటోడు, బ్యాటరీ లైటు అద్దం తుడుసుకునేటోడు. సారు సినిమాకు ముందు నిలబడి చెప్పే మాటలన్నీ ఇని ఇంటికొచ్చి నాకు చెప్పేటోడు. నేను పోకపోయేది. అందరు మొగోళ్లేనాయె.

జగపతిరావు సారు భార్య జానకీబాయికి నేను బొంతలు కుట్టిచ్చేదాన్ని. దొరల బిడ్డ, అయినా కలుపుగోలు మనిషి. ఒకరోజు బొంత ఇయ్యవోతె అన్నది:

"కమలవ్వా, వచ్చే ఆదివారం సారు జపాన్ సినిమా తెప్పిస్తున్నరు. గొడుగులు చేసే ఊరి కథనట. నన్ను రమ్మంటున్నరు. అంతమంది మగవాళ్లల్ల ఒక్కదాన్ని కూసోలేను. నువ్వు తోడు రారాదు?"

బొంత నా చేతులల్లనే ఉన్నది. "ఆ పిల్ల గొడుగుల ఎన్క ఉరుకుతదా అమ్మా?" అని అడిగిన.

ఆమె నవ్వింది. "నాకేం తెలుసు, నేను చూసిననా?"

ఇంటికి ఉరికొచ్చిన. ఆయన అన్నం తింటున్నడు. "గొడుగుల సినిమా వస్తుందట," అన్న.

ఆయన చెయ్యి ఆగింది. "గది కాదేమో. జపాన్‌ల గొడుగుల సినిమాలు శానా ఉంటయి."

"చూస్తె తెలుస్తది గద. జానకీబాయి రమ్మన్నది."

"ఆడోళ్లు రారు గాడికి."

"ఆమె ఆడిదే గద."

"పాత రీళ్లు కమలా. మాటిమాటికి తెగుతయి. కండ్లు నొస్తయి." ఇంకా ఏందేందో చెప్పిండు. నేను రావుడు ఆయనకు ఇష్టం లేదని తెలిసింది. ఎందుకో తెల్వలే. గంత మంది పెద్దమనుషుల ముందట గేటుకాడ నిలబడెటోడు, పెండ్లాం చూస్తె నామోషీ అనుకుంటుండేమో అనుకున్న. కొంచెం మనసు నొచ్చింది. అయినా పట్టుచీర అసుంటి నూలుచీర ఒకటుండె, మా బావ నేసింది. గది కట్టుకొని పోయిన.

జానకీబాయి పక్కన కూసున్న. సారు తెర ముందట నిలబడి నాలుగు మాటలు చెప్పిండు. గీ సినిమాల మాటలు తక్కువని, కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తయని, తొందరపడకుండ చూడాల్నని. లైట్లు ఆరినయి. "నేను చదివి చెప్తలే," అన్నది జానకీబాయి మెల్లగ.

"వద్దమ్మా. నాకు కథ తెలుసు."

సినిమా షురువైంది. నల్లగ తెల్లగ ఉన్నది. ఎర్ర గొడుగు అన్నడు గదా, తెర మీద ఎరుపు ఎక్కడిది అనుకున్న. అయినా గా గొడుగు కనబడంగనే నాకు ఎర్రగనే కనబడ్డది. పదేండ్ల సంది గట్లనే చూసిన గద. వాకిళ్లల్ల గొడుగులు, గాలికి దొర్లుడు, పిల్ల ఉరుకుడు, అన్నీ ఆయన చెప్పినట్టే వస్తున్నయి. ఒక్కొక్కటి రాకముందే నాకు తెలుస్తుంది. నా అసుంటి మనిషికి ఎక్కడి జపాను. పుట్టింటికి పోయినట్టున్నది నాకు. ఆయన చెప్పలేనివి గూడ ఉండె. తల్లి కాయితానికి జిగురు రాసేటప్పుడు పెదవులు లోపటికి మడుసుకుంటది, నేను తెగిన పోగు ముడేసేటప్పుడు మడుసుకున్నట్టు. వాన చప్పుడు గూడ మన వాన చప్పుడే.

నది వచ్చింది. తల్లి గొడుగు తిప్పుడు మొదలువెట్టింది. గప్పుడు నా పక్కన నేల మీద బ్యాటరీ లైటు ఎలుగు పడ్డది. ఆయన వంగి, "కమలా, లే. బయట చాయ్ తాగొద్దాం," అన్నడు.

"నాకు తెల్వని కథనా? ఉండు," అన్న.

ఆయన పోలే. నా కుర్సీ పక్కనే నిలబడ్డడు. లైటు ఆర్పిండు.

పడవాయన చూసిండు. పడవ ఇడిచిండు. ఇక్కడిదాక సరిగనే ఉన్నది. కాని పడవ మెల్లగ వస్తుంది, నది శానా పెద్దది. గొడుగు తిరుగుడు మెల్లగైంది. ఇంక మెల్లగైంది. ఆగింది. తల్లి చెయ్యి ఎన్కకు పోయి పిల్ల కాలును పట్టుకున్నది. మొహం చూపియ్యలే. గా చెయ్యి, గా కాలు, కాలుకున్న చెప్పు జారి బురదల పడుడు. గంతే చూపిచ్చిండు. తర్వాత తల్లి గొడుగు మూసి కింద పెట్టింది. వానల నిలబడ్డది. పడవ ఒడ్డుకు వచ్చింది. పడవాయన ఆమె దిక్కు చూసి తల దించిండు. ఆమె అయినా పడవ ఎక్కింది.

నేను ఏడ్వలే. నాకు ఏడుపు రాలే. జానకీబాయి కొంగుతోని కండ్లొత్తుకుంటుంది.

తండ్రి వచ్చిండు, చేతుల పెట్టె. తల్లి అన్నం పెట్టింది. తిన్నడు. ఇద్దరు మాట్లాడలే. తెల్లారి ఆయన మళ్ల పెట్టె పట్టుకున్నడు. తల్లి తలెత్తకుండ పుల్లలకు కాయితం అంటిస్తుంది. ఆయన దర్వాజ దాక పోయిండు. నిలబడ్డడు. పెట్టె గాడనే పెట్టి, ఎన్కకు వచ్చి, ఆమె ఎదురుంగ కూసోని వెదురు పుల్లలు పట్టుకున్నడు. ఏదో అన్నడు.

"ఏమన్నడమ్మా?" అని జానకీబాయిని అడిగిన.

"ఇగ నేను పోను, అంటున్నడు."

లైట్లు ఎలిగినయి. నా పక్కన ఆయన లేడు. తలుపులు తెరువ పోయిండు.

గా రోజు మేము ఇంటికి పోలే. మానేరు దిక్కు నడిచినం. ఎవరు పోదామన్నరో యాదికి లేదు. ఒడ్డున ఇసుకల కూసున్నం. దూరంగ చాకలోళ్లు బట్టలు ఆరేస్తుండ్రు.

"పిల్లను బతికిచ్చినవ్," అన్న. "మంచిదే. గప్పుడు గది చెప్తె నేను తట్టుకోకపోదును. కాని తండ్రి సంగతి ఎందుకు దాచినవ్?"

ఆయన ఇసుకల ఏలుతోని గీతలు గీస్తుండు.

"గాయిన పోలే," అన్న. "దర్వాజ దాక పోయి వాపసొచ్చిండు. నువ్వు పోయినవ్."

"అవ్. పోయిన." గీతలు చెరిపి చెప్పిండు. "గా సినిమా ఆడినన్ని రోజులు, గా జాగ వస్తుందంటె బయటికి పోయి మెట్ల మీద నిలబడేటోన్ని. అంబదాస్ అడిగిండు, ఎందుకు పోతున్నవని. చెప్పలే."

"గా రోజు సంచి సర్దుకున్నప్పుడు నాతోని ఒక్క మాట అనకపోతివి."

"నువ్వు ఉండుమంటవేమో అని చూసిన."

"నువ్వు ఉంటనంటవేమో అని నేను చూసిన."

నాకు కోపం ఉన్నది. గంతకంటె ఎక్కువ అలసట ఉన్నది. పదకొండేండ్లు మోసిన బరువు ఏదో కింద పెట్టినట్టు భుజాలు గుంజుతున్నయి.

"ఆఖరికి ఏమన్నది?" అని అడిగిండు. రాజి పేరు తియ్యలే. గా పేరు మా ఇంట్ల ఎవ్వరు ఎత్తకపోయేది.

గా సంగతి నేను గప్పటిదాక ఎవ్వరికి చెప్పలే. "నీళ్లడిగింది," అన్న. "రెండు గుక్కలు తాగింది. ఎడ్లకు గజ్జెలు కట్టిండ్రా అవ్వా అని అడిగింది. కట్టిండ్రు బిడ్డా అన్న. గజ్జెల చప్పుడు ఇనబడ్డది దానికి. నవ్వింది."

ఆయన మోకాళ్లల్ల మొహం పెట్టుకొని ఏడ్సిండు. పెండ్లయిన సంది ఆయన ఏడ్వంగ చూసుడు నాకు గదే మొదలు. నేను ఆయన ఈపు మీద చెయ్యి పెట్టిన. నాకు గూడ గప్పుడు వచ్చింది ఏడుపు.

తర్వాత కొన్ని రోజులు ఇద్దరం తక్కువ మాట్లాడుకున్నం. కోపం పోవుటానికి ఎంత కాలం కావాల్నో గంత తీసుకున్నది. ఒకనాడు పగటిపూట ఆయన ఇంట్ల ఉన్నప్పుడు నేను బొంత కుట్టుకుంట అడిగిన.

"ఇంక ఏమేం మార్చినవ్?"

సిగ్గుపడ్డడు. మంగలాయన సినిమా ఉన్నది ఉన్నట్టే చెప్పిండట. ముసలమ్మ గుర్రం వాపసు రాలేదట. నాకు వచ్చిందని చెప్పిండు, రాజికి గుర్రం కథ ఇష్టమని. పోలండు పంతులు బడికి ఊరి పిల్లలంతా వచ్చిండ్రని చెప్పిండు గదా, నిజానికి ఒక్క పిల్లనే వచ్చిందట. గా ఒక్క పిల్ల ముందట ఆయన బడి మొత్తం నిండినట్టు నిలబడి పాఠం చెప్తడట.

"గదే మంచిగున్నది," అన్న. "నువ్వు చెప్పినదానికంటె గదే మంచిగున్నది. ఎందుకు మార్చినవ్?"

"నువ్వు బాధపడుతవని."

"గుర్రం మాత్రం రానీ," అన్న. "దాన్ని నువ్వు చెప్పినట్టే ఉంచుదాం."

గా తర్వాత నెలనెలా ఆదివారం నేను గూడ పోయేదాన్ని. మొదలు జానకీబాయి, నేను. తర్వాత డాక్టర్ల ఇండ్లల్లకెల్లి ఇంకొందరు ఆడోళ్లు వచ్చిండ్రు. మేము ఎన్క వరుసల కూసునేది. సినిమా నడిచేటప్పుడు ఈయన తలుపుకు ఒరిగి నిలబడేటోడు, నేను కుర్సీల కూసునేదాన్ని. చీకట్ల ఆయన మొహం కనబడకపోయినా ఏ జాగల ఊపిరి బిగబడుతడో నాకు తెలిసేది. అయినంక ఇంటికి నడుసుకుంట గా సినిమా గురించే మాట్లాడుకునేది. నేను చూసింది ఆయన చూడకపోయేది, ఆయన చూసింది నేను చూడకపోయేది. కొడుకు ముందు ఉరుకుతుంటె, మేము ఎన్క వాదులాడుకుంట. కమాన్ దగ్గర చాయ్ హోటలాయన మమ్ములను చూసి, ఇయ్యాల ఏ దేశం అని అడిగేటోడు.

జగపతిరావు సారుకు వరంగల్ బదిలీ అయి, అరవై ఎనిమిదిల సొసైటీ బందయింది. ఆఖరుకు చూసింది హంగరీ సినిమా. ఒక రైలు టేషను. ఒకామె మొగున్ని సాగనంపుటానికి వస్తది. రైలు కదులుతది. ఆమె చెయ్యి ఊపదు, ఏడ్వది. రైలు పోయినంక ఒక్కతే నిలబడి నవ్వుతది. గంతటితోని అయిపోయింది.

బయటికి రాంగనే మొదలైంది మా ఇద్దరికి. పీడ పోయిందని నవ్విందని ఆయన. కాదు, చిన్నప్పటిదో ఎప్పటిదో ఆయన మాట ఒకటి యాదికొచ్చి నవ్వింది, ఆమెకు గా మనిషంటె ఇష్టమని నేను. "ఇష్టముంటె ఏడుస్తది గద," అన్నడు. "గా మొహం సరిగ చూసినవా?" అన్న. చాయ్ హోటల్‌ల కూసోని వాదిచ్చుకున్నం. ఇంట్ల రొట్టెలు చేసుకుంట వాదిచ్చుకున్నం. వాదం తెగకనే మా కొడుకు పెండ్లి గూడ అయిపోయింది.

ఇప్పుడు ఆయన లేడు. ఎప్పుడన్న ఒక్కదాన్నే కూసున్నప్పుడు గా టేషను మళ్ల ఏసుకొని చూస్త. రైలు పోతది, ఆమె నిలబడుతది, నవ్వుతది. ఎన్నిసార్లు చూసినా నాకు నేను చెప్పిందే నిజమనిపిస్తది.